మీరు వెతుకుతున్న చోటు ఇది కాదు

ఇస్త్రీ అక్క ఇంటికి మొట్టమొదట వచ్చింది ఒక సోఫా. ఎర్రటి సోఫా, ఇంటిల్లిపాదీ కూర్చున్నా ఇంకా చోటు మిగిలేంత పొడుగు. ఇద్దరు మనుషులు రొప్పుకుంటూ మోసుకొచ్చి, గుమ్మానికి అడ్డంగా దించి, సంతకం పెట్టమన్నారు.

"మేం సోఫా కొనలేదయ్యా," అంది అక్క, చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే పైకెత్తి పట్టుకుని.

"మ్యాపు ఇక్కడే అంటోందమ్మా." వాళ్లలో పొట్టివాడు ఫోను చూపించాడు. నీలం గీత ఊళ్లో సందులన్నీ తిరిగొచ్చి సరిగ్గా ఆమె ఇస్త్రీ బల్ల దగ్గర ఆగింది. అక్కడొక ఎర్ర చుక్క కూడా ఉంది.

"మ్యాపు అంటే సరిపోయిందా? మాకున్నవి రెండు గదులు. ముందు గదిలో నా బల్ల, వెనక గదిలో మేం ముగ్గురం. ఇది లోపలికొస్తే మేం బయటికి పోవాలి."

ఈ మాటలు అవుతుండగానే అక్క అత్తగారు బయటికొచ్చి, సోఫాని చేత్తో నొక్కి చూసి, కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. కూర్చున్నావిడ లేవదే! "తప్పుగా వస్తే వచ్చిందిలే, వచ్చినదాని మీద కాసేపు కూర్చోనివ్వరా?" అని ఎదురు దబాయింపు. సోఫా అసలు యజమాని ఎవరో తేలి, ఆ ఇద్దరూ దాన్ని తిరిగి మోసుకుపోయేసరికి సాయంత్రమైంది. అందులో సగం సేపు ఆవిణ్ని దింపడానికే పట్టింది.

అక్క గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. పేరేదైనా ఊరందరికీ ఆమె ఇస్త్రీ అక్కే. తలలు నెరిసినవాళ్లు కూడా "అక్కా, నా ప్యాంటు అయిందా?" అనేవారు. నిజంగా అక్కా అని పిలవాల్సినవాడు మాత్రం ఆ పిలుపు మానేసి ఏళ్లు గడిచాయి. వాడు ఆమె తమ్ముడు. తోడబుట్టినవాడు వాడొక్కడే.

గొడవంతా ఒక చొక్కా దగ్గర వచ్చింది. తమ్ముడికి అప్పట్లో ఒక పెద్ద కంపెనీలో ఇంటర్వ్యూ వచ్చింది. లేత నీలం రంగు కొత్త చొక్కా తెచ్చి అక్క చేతిలో పెట్టి, బల్ల పక్కనే నిలబడి కబుర్లు మొదలుపెట్టాడు. వాడు కబుర్లు చెబితే రాయి కూడా నవ్వుతుంది. అక్క తల వెనక్కి వేసి నవ్వింది. ఆ నవ్వు ఆగేసరికి కాలిన వాసన వచ్చింది. వీపు మీద, రెండు భుజాల నడుమ, ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో గోధుమరంగు మచ్చ తేలింది. అయ్యో అని ఒక్క మాట అని ఊరుకుంటే సరిపోయేది. అక్కకి అది చూసి ఇంకా నవ్వొచ్చింది. "కోటు వేసుకుంటే కనబడదులేరా," అంది. వాడికి కోటెక్కడిది? అదే చొక్కాతో వెళ్లాడు. ఇంటర్వ్యూ చేసినవాళ్లకి వీపు కనబడకూడదని గదిలోంచి వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి రాబోయి, మంచినీళ్ల క్యాను మీద పడ్డాడు. ఉద్యోగం అక్కడితో సరి. వాడు ఇంటికొచ్చి, నీ గుమ్మం మళ్లీ తొక్కనన్నాడు. తొక్కకపోతే పీడా పోయిందని ఆమె అంది. ఆ మాట అన్న క్షణం నుంచి ఈనాటి దాకా అక్క దాన్ని తలుచుకుని కుమిలిపోని రోజు లేదు.

తర్వాత వాడు ఫోను నంబరు మార్చేశాడు. ఆమె ఉన్న పాత ఇల్లు కూల్చేస్తే ఈ కొత్త వీధిలోకి మారింది. ఇద్దరికీ మధ్య మిగిలిన దారల్లా పిన్ని. "వాడికి నా కొత్త అడ్రసు ఇవ్వు పిన్నీ, రమ్మన్నానని మాత్రం చెప్పకు," అంది అక్క. పిన్ని ఇచ్చింది. ఏమన్నాడని అడిగితే, "ఊఁ అన్నాడే. అంతే. ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ మొయ్యడం నా ఒంటికి పడదు," అని ఫోను పెట్టేసింది. అక్క ఎదురుచూడడం మొదలుపెట్టింది. రావాల్సినవాడు రాలేదు గానీ, సోఫా వచ్చింది.

సోఫా తర్వాత ఒక ప్లంబరు వచ్చాడు. ఆ వెనకే ఇంకో ప్లంబరు. వేరే వేరే ఇళ్లవాళ్లు పిలిస్తే బయల్దేరిన ఈ ఇద్దరూ అక్క గుమ్మంలో ఒకరినొకరు చూసుకుని, "నా బేరం లాక్కోవడానికి వచ్చావా?" అని రెంచీలు ఎత్తారు. మా కుళాయి నిక్షేపంలా ఉంది మహాప్రభో అని అక్క మొత్తుకుంటున్నా వినలేదు. ఎవరు పనిమంతుడో తేల్చుకోవడానికి దాన్ని విప్పి, బిగించి, మళ్లీ విప్పి, చివరికి ధారగా కారేట్టు చేసి పోయారు. మూడో ప్లంబర్ని అక్కే పిలిచింది. వాడు మాత్రం రాలేదు.

ఆ పైన ఫైరింజను వచ్చింది. మంటలెక్కడ అని అడిగి, లేవంటే నమ్మక, బల్ల మీద పొగలు కక్కుతున్న ఇస్త్రీపెట్టెని చూపించి "మరి ఇదేంటి?" అని పైపు గురిపెట్టారు. ఒక గైడు పాతిక మంది యాత్రికుల్ని వెంటేసుకుని కోట చూపించడానికి వచ్చాడు. కోట లేదని తెలిసినా ఆ గైడు తొణకలేదు, బెణకలేదు. ఇస్త్రీ బల్ల మీద చెయ్యి వేసి, పూర్వం రాజులు యుద్ధానికి వెళ్లేముందు దుస్తులు ఇక్కడే సరిచేయించుకునేవారని గంభీరంగా చెప్పాడు. అందరూ ఫొటోలు తీసుకున్నారు. వాళ్లలో ఒకావిడ, కోట బాగుంది గానీ కాస్త ఇరుకని, ఇంటర్నెట్‌లో రాసి నాలుగు నక్షత్రాలు ఇచ్చింది.

మరో పొద్దున మెడకి టైలు కట్టుకున్న మనుషులు బారులు తీరారు. ఏదో కంపెనీ వాళ్లని ఇంటర్వ్యూకి రమ్మందిట. ఆ కంపెనీ ఇచ్చిన చిరునామా ఈ భూమ్మీద లేదు. ఆ సంగతి అక్క చెప్పేలోపే అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కొక్కర్నే పిలవడం మొదలుపెట్టింది. "పెద్దవాళ్లు ఒక మాటంటే పడతావా? అన్నం తిన్న కంచం ఎవరు కడుగుతారు?" ఇలాంటి ప్రశ్నలు. చివర్లో, "నువ్వు పాసయ్యావు. నువ్వు పనికిరావు, పో," అని తీర్పు. పాసైనవాళ్లు దణ్ణం పెట్టి వెళ్లారు. ఫెయిలైన ఒక బట్టతలాయన ఇంకొక్క అవకాశం ఇప్పించమని అక్కని బతిమాలుకున్నాడు.

వీళ్లందరిలోకీ బుద్ధిమంతుడు గాలం పెద్దమనిషి. చేపలు పట్టడానికి చెరువు వెతుక్కుంటూ వచ్చాడు. చెరువు లేదని చెబితే కోప్పడలేదు. పెరట్లో బట్టలు నానబెట్టే సిమెంటు తొట్టి చూశాడు. "ఇక్కడ కాసేపు కూర్చోవచ్చా? చల్లగా ఉంది," అన్నాడు. ఆ తర్వాత ప్రతి సెలవు రోజూ వచ్చి తొట్టిలో గాలం వేసుకుని కూర్చునేవాడు. అప్పుడప్పుడూ ఒక మేజోడు పడేది. దాన్ని పిండి పక్కన ఆరేసేవాడు. అత్తగారు ఎదురుగా పీట వేసుకుని, ఆయన ఇదివరకు పట్టిన చేపల కబుర్లు నోరు తెరుచుకుని వినేది.

ఇల్లు ఇంత గోలగా ఉంటే అక్క మొగుడికి ఒళ్లు మండదా? ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పొద్దస్తమానం పరాయి భవనాల్లో పైకీ కిందకీ తిరిగి వచ్చే మనిషికి, ఇల్లు ఒకచోట నిలకడగా ఉంటే చాలు. ఆయన ఒకరోజు స్నానం చేసి టవలు చుట్టుకుని బయటికొస్తే, ఎదురుగా ఎవరో ఆరుగురు ఆడవాళ్లు నిలబడి ఈతకొలను ఎటు అని అడిగారు. ఆ సాయంత్రమే ఆయన మ్యాపు వాళ్లకి ఫిర్యాదు పంపాడు.

మ్యాపు మనిషి వచ్చాడు. చిన్న వయసులోనే పెద్ద కళ్లజోడు పెట్టుకున్న మర్యాదస్తుడు. చుట్టూ చూసి, ఇస్త్రీ బల్లని తాకి, ఏదో గుళ్లో నిలబడ్డవాడిలా మెల్లగా మాట్లాడాడు.

"ఇదేనండీ. ఊరు మొత్తం లెక్కగట్టి నట్టనడుమ ఎక్కడని చూస్తే, సరిగ్గా ఈ బల్ల తేలింది. ఆ చుక్క ఇక్కడ పెట్టింది మేమే."

"పెడితే పెట్టారు, ఊరంతా మా కొంప మీద పడడమేంటి?" అన్నాడు మొగుడు.

"ఎవరైనా ఒక చిరునామా అడుగుతారు. అది మ్యాపుకి తెలిస్తే అక్కడికి చూపిస్తుంది. తెలియకపోతే ఏం చెయ్యాలి? తెలియదు అంటే జనానికి మా మీద నమ్మకం పోతుంది కదండీ. అందుకని ఊరి మధ్య చుక్క చూపించి ఊరుకుంటుంది. పోయిన ఫోను ఎక్కడుందో వెతికినా అంతే. జాడ దొరక్కపోతే ఇక్కడుందనే చెబుతుంది."

"మా ఆయనా అచ్చం ఇంతే," అంది అత్తగారు తన్మయంగా. "తెలియదు అనే మాట ఆయన నోట ఏనాడూ రాలేదు. ఎవరు దారి అడిగినా ఠక్కున ఏదో ఒక వైపు చెయ్యి చూపించేవాడు."

"అయితే ఈ చుక్కని తీసి అవతల పారేయండి," అన్నాడు మొగుడు.

"తియ్యలేం, జరపగలం. ఎక్కడికి జరపమంటారు?"

"ఏటి మధ్యకి జరపండి."

"వద్దండీ, జనం దిగుతారు."

మొగుడు తనకి పడని వాళ్ల ఇళ్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాడు. అక్కకి ఏదో తోచింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది.

"బాబూ, మా అడ్రసు కొడితే ఏం చూపిస్తుందో ఒకసారి చూడు." ఇంటి నంబరూ వీధీ చెప్పింది.

మ్యాపు మనిషి కొట్టి చూశాడు. నీలం గీత చక్కగా వచ్చి ఇస్త్రీ బల్ల దగ్గర ఆగింది.

"హమ్మయ్య, సరిగ్గానే చూపిస్తోంది," అంది అక్క.

"లేదండీ, ఇది తప్పు." మ్యాపు మనిషి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మీ వీధి కొత్తది. మా దగ్గర ఇంకా ఎక్కలేదు. మీ ఇల్లు మ్యాపుకి తెలియదు. తెలియదు గనక ఇక్కడ చూపిస్తోంది."

"ఇక్కడే కదా బాబూ మేముంది?"

"ఉన్నారనుకోండి. కానీ దానికి తెలియక చూపిస్తోంది. తెలిసి చూపించడం వేరు."

అక్కకి ఆ తేడాతో పని లేదు. చుక్క జరిపితే తన అడ్రసు కొట్టినవాడు ఇంకెవరి గుమ్మంలోనో తేలతాడు. చుక్క ఉంటే ఎప్పటికైనా ఇక్కడికే వస్తాడు. ఊళ్లో దారి తప్పినవాళ్లందరూ ఈ ఇంటికే చేరుతున్నప్పుడు, తన తమ్ముడొక్కడు చేరకుండా ఎక్కడికి పోతాడు?

"చుక్క ఎక్కడికీ జరపొద్దు," అంది.

మొగుడు నోరు వెళ్లబెట్టాడు. మ్యాపు మనిషి సంతోషంగా తలూపి, తాను ఇప్పుడు వెళ్లాల్సిన తర్వాతి ఇంటి అడ్రసు ఫోనులో కొట్టి, అది మళ్లీ ఈ బల్లే చూపిస్తే, దిగాలుగా కాసేపు అప్పుడు సోఫా దించిన చోట నేల మీద కూర్చుని వెళ్లాడు.

మొగుడు అక్కతో మాట్లాడడం మానేశాడు. రెండు గదుల ఇంట్లో ఎంతసేపని మానేస్తాడు? ఇంతలో ఆయన చేతికి ఆయుధం దొరికింది. వచ్చేపోయేవాళ్లకి సమాధానం చెప్పే హడావిడిలో అక్క ఒక టీచరమ్మ పట్టు జాకెట్టు కాల్చేసింది. ఆ కాలిన వాసన ముక్కుకి తగలగానే ఆమెకి తమ్ముడి నీలం చొక్కా గుర్తొచ్చింది. చేసిన తప్పే మళ్లీ చేసిందని ఏడ్చింది. బల్ల మీద గుడ్డ పరిచి ఉండగా ఇక తల ఎత్తనని ఒట్టు పెట్టుకుంది.

"అదుగో, అందుకే చెప్పింది," అన్నాడు మొగుడు. "చుక్క ఉండనియ్యి, నీ ఇష్టం. బోర్డు మాత్రం నేను పెడతాను."

అక్కకి కాదనే మొహం లేకపోయింది. ఆయన అట్ట ముక్క మీద కాకుండా గట్టి రేకు మీద, లిఫ్టుల్లో రాసే పెద్ద అక్షరాలతో రాశాడు. "మీరు వెతుకుతున్న చోటు ఇది కాదు. మ్యాపుకి తెలియనివన్నీ ఇక్కడే చూపిస్తుంది. దయచేసి వెనక్కి తిరిగి వెళ్లండి." గేటుకి వేరే మేకు లేక, "ఇస్త్రీ చేయబడును" అని ఎప్పటినుంచో ఉన్న పలక మీదే దాన్ని తగిలించాడు. రోజూ బట్టలు తెచ్చేవాళ్లకి పలకతో పనేముంది, వాళ్లు మామూలుగానే వచ్చేవారు.

బోర్డు బాగా పనిచేసింది. మర్యాదస్తులు గేటు దగ్గరే చదివి, ఓహో అనుకుని వెళ్లిపోయేవారు. అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చున్నా ఇంటర్వ్యూకి ఒక్కరూ వచ్చేవారు కాదు. వెనక్కి తిరక్కుండా లోపలికి వచ్చేవాళ్లు ఒక్క ఫోను పోగొట్టుకున్నవాళ్లే. ఫోను పోయినవాడికి బోర్డు కాదు కదా, గోడ అడ్డమున్నా కనబడదు. "మా ఫోను మీ ఇంట్లోనే ఉంది, మర్యాదగా ఇస్తారా లేదా?" అని మీద మీదకి వచ్చేవారు. వాళ్లకి చెప్పీ చెప్పీ అక్క గొంతు పోయింది.

దానికీ మొగుడే ఉపాయం చేశాడు. పాత లిఫ్టులోంచి విప్పి తెచ్చిన మాట్లాడే పెట్టె ఒకటి బల్ల అంచుకి బిగించి, మీట పెట్టాడు. కంపెనీలో లిఫ్టులకి గొంతు ఇచ్చే ఆవిడ ఉంది, ఆవిణ్ని అడిగి నాలుగు ముక్కలు రికార్డు చేయించాడు. ఇప్పుడు ఎవరైనా "నా ఫోను" అనడం ఆలస్యం, అక్క తల ఎత్తకుండా ఎడమ చేత్తో మీట నొక్కేది. పెట్టె తియ్యగా పలికేది: "మీరు వెతుకుతున్నది ఇక్కడ లేదు. ఎక్కడ పెట్టారో నిదానంగా గుర్తు చేసుకోండి. దయచేసి వెనక్కి తిరగండి. తలుపులు మూసుకుంటున్నాయి." ఆ ఆఖరి ముక్క ఎవరూ చెప్పమనలేదు. ఆవిడకి అలవాటయిపోయి ఆగలేదు.

రోజులు గడుస్తున్నాయి. అక్క వారం వారం పిన్నికి ఫోను చేసేది. అటూ ఇటూ తిప్పి వాడి దగ్గరికే వచ్చేది.

"ఏమైనా అన్నాడా పిన్నీ?"

"ఏం అంటే నీకెందుకే? నేను మోస్తానా ఏంటి?"

పిన్ని గొంతు ఈసారి కటువుగా ఉన్నట్టు అనిపించింది. అక్క ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. వాడికి అడ్రసు చేరింది. మ్యాపు ఇక్కడికే చూపిస్తోంది. అయినా రాలేదంటే, వాడికి రావాలని లేదన్నమాట. ఇన్నాళ్లూ ఆమె ఈ ముక్క తనలో తాను అనుకోవడానికి కూడా ధైర్యం చేయలేదు. ఇప్పుడు అనుకుంది. అనుకుని, చుక్క జరిపేయమని మ్యాపు వాళ్లకి చెప్పెయ్యమంది మొగుడితో. ఆయన తప్పకుండా చెబుతానన్నాడు గానీ, ఎందుకో ఆ మాట వాళ్లకి చేరవెయ్యలేదు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం. పెరట్లో గాలం పెద్దమనిషి ఒకప్పుడు పట్టి వదిలేసిన చేప పొడుగు చేతులు చాపి చూపిస్తున్నాడు. అత్తగారు అబ్బో అబ్బో అంటోంది. మొగుడు ముందు గదిలో ఒక మూల కునుకు తీస్తున్నాడు. బల్లకీ గుమ్మానికీ మధ్య తీగ మీద, ఇస్త్రీ అయిన బట్టలు వరసగా వేలాడుతున్నాయి. వాటి వెనక అక్క తల వంచుకుని ఒక తెల్ల చొక్కా చేతులు రుద్దుతోంది.

"ఏవండీ, ఇక్కడ నా ఫోను..." అంది ఒక మగగొంతు గుమ్మంలోంచి.

అక్క చెయ్యి దానంతటదే వెళ్లి మీట నొక్కింది. పెట్టె పలికింది. వచ్చినవాడు మధ్యలో అడ్డురాకుండా ఆసాంతం విన్నాడు. తలుపులు మూసుకుంటున్నాయి అనేసరికి ఒక నిట్టూర్పు వదిలి వెనక్కి తిరిగాడు.

చొక్కా అయిపోయింది. బల్ల మీద ఇక గుడ్డ లేదు. అక్క దాన్ని హ్యాంగరుకి వేసి, ఒక చేత్తో ఇస్త్రీపెట్టె అందుకుని, రెండో చేత్తో చొక్కా తీగకి తగిలించడానికి తల ఎత్తింది. వేలాడే రెండు ప్యాంట్ల సందులోంచి, గేటు వైపు పోతున్న మనిషి వీపు కనబడింది. వెలిసి వెలిసి తెల్లబడిన నీలం చొక్కా. రెండు భుజాల నడుమ గోధుమరంగు మచ్చ. ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో ఉంది.

ఆ మచ్చని లోకం ఆ చివర చూసినా ఆమె గుర్తుపడుతుంది. కాల్చింది తనే కదా.

"ఒరేయ్!"

బట్టల వరసని చీల్చుకుని పరిగెత్తింది. చేతిలో ఇస్త్రీపెట్టె ఉందన్న ధ్యాస కూడా లేదు. దాని వైరు లాక్కుపోయి ప్లగ్గు ఊడింది, మాట్లాడే పెట్టె కింద పడి "తలుపులు మూసుకుంటున్నాయి, తలుపులు మూసుకుంటున్నాయి" అని అరవడం మొదలుపెట్టింది. మొగుడు ఏ అంతస్తులో ఉన్నాడో తెలియక గాభరాగా లేచాడు.

గేటు దగ్గర తమ్ముడు ఆగి వెనక్కి తిరిగాడు. తిరిగి, చూసి, అలాగే నిలబడిపోయాడు. కాస్త చిక్కాడు. చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు. కబుర్లు చెప్పే ఆ నోరు మాత్రం అదే.

"అక్కా? నువ్వు ఇక్కడా?"

"మరెక్కడుంటాన్రా? ఇక్కడే ఉన్నానని పిన్నితో చెప్పి పంపానుగా!"

"పంపావు. రెండుసార్లు వచ్చాను." వాడు రేకు బోర్డు వైపు వేలు చూపించాడు. "మ్యాపు ఇక్కడికే తెచ్చింది. చూస్తే ఇది. చోటు ఇది కాదు, వెనక్కి పొమ్మని. పక్కవాళ్లని అడగబోతే, మాట పూర్తవకముందే, ఇక్కడికొచ్చేవాళ్లంతా తప్పుగా వచ్చినవాళ్లేనయ్యా, పో అన్నారు. నన్ను రానివ్వడం ఇష్టం లేక అక్క లేని అడ్రసు ఇచ్చిందనుకున్నాను. పిన్నితో నానా మాటలూ అన్నాను."

అక్క ఆ బోర్డు వైపు చూసింది. రోజూ చూసే బోర్డే. వాడు వచ్చాడు. ఒకసారి కాదు, రెండుసార్లు వచ్చాడు. ఆ గేటు అవతల నిలబడి చదువుకుని వెళ్లిపోయాడు. ఆ రెండుసార్లూ తను లోపల తల వంచుకుని ఎవరివో చొక్కాలు రుద్దుతోంది. ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. ముందు కోపమే బయటపడింది.

"అక్క కోసం వచ్చి రేకు ముక్క చూసి తిరిగిపోయావు. ఫోను కోసమైతే మాత్రం తోసుకుని లోపలికి వచ్చావా! నాకంటే నీకు ఫోనెక్కువైందిరా వెధవా?"

"అది కాదే. ఫోను పోతే ఎక్కడుందని చూశాను. మళ్లీ ఇక్కడే చూపించింది." వాడు నేల చూపులు చూశాడు. "ఇన్నిసార్లు ఇక్కడికే చూపిస్తోందంటే, ఏదో ఉండే ఉంటుందనిపించింది. ఎందుకైనా మంచిదని ఈ చొక్కా వేసుకుని వచ్చాను."

"ఇంకా ఈ చొక్కా ఏంట్రా?"

"నువ్వు కనబడితే వెనక్కి తిరిగి చూపించి, సిగ్గుతో చచ్చేట్టు చెయ్యాలని. వచ్చిన ప్రతిసారీ ఇదే వేసుకొచ్చాను. పైగా మచ్చ వెనకుంది, నాకేం కనబడదు."

అక్కకి నవ్వొచ్చింది. అప్పటిలాగే తల వెనక్కి వేసి నవ్వింది, ఈసారి కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. "తప్పయిపోయిందిరా," అంది. "ఆ రోజే అనాల్సింది. నవ్వాను. తప్పయిపోయింది." వాడు సమాధానంగా ఏదో కబురు చెప్పబోయి, చెప్పలేక, ఇస్త్రీపెట్టె ఉన్న చేతిని తప్పించుకుని ఆమె భుజం మీద తల పెట్టాడు.

ఇంతలో ముందు గదిలో అక్క ఫోను మోగింది. మొగుడు స్పీకరు పెట్టి పట్టుకొచ్చాడు. పిన్ని. "ఒసే, మీ తమ్ముడి ఫోను మా ఇంట్లో బియ్యం డబ్బాలో దొరికిందే. వాడికి చెబుదామంటే వాడి ఫోను ఇక్కడే ఉందాయె. నేను మాటలు మోసేదాన్ని కాదు, అయినా ఎవరో ఒకరికి చెప్పాలిగా!" అని పెట్టేసింది.

పెరట్లోంచి అత్తగారు వచ్చింది. గుమ్మంలో కొత్త మనిషి కనబడేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అత్తయ్యా, వీడు ఇంటర్వ్యూకి రాలేదు. నా తమ్ముడు," అంది అక్క.

"తమ్ముడైతే మాత్రం? అన్నం తిన్న కంచం ఎవరు కడుగుతారు?"

"నేనే కడుక్కుంటానండీ," అన్నాడు తమ్ముడు బుద్ధిగా.

"ఏదీ, వెనక్కి తిరుగు."

వాడు అక్క వైపు ఒకసారి చూసి, మెల్లగా తిరిగాడు. అత్తగారు ఆ మచ్చని చాలాసేపు పరీక్షగా చూసింది.

"పాసయ్యావు," అంది. "లోపలికి రా."

మొగుడు ఎవరూ చెప్పకుండానే గేటు దగ్గరికెళ్లి రేకు బోర్డు ఊడదీశాడు. కింద "ఇస్త్రీ చేయబడును" పలక బయటపడింది. దాన్ని చేత్తో తుడిచి, మేకు సరిచేసి, చుక్క తియ్యమని తనెప్పుడూ అడగలేదన్నట్టు తిరిగొచ్చాడు.

తమ్ముడు అన్నం తిని కంచం కడిగి వచ్చేసరికి అక్క బల్ల మీద దుప్పటి సర్ది, ఇస్త్రీపెట్టె వేడి చేసి, చెయ్యి చాపి నిలబడి ఉంది.

"చొక్కా ఇటియ్యి. మరీ నలిగిపోయింది."

"అమ్మో, నేనివ్వను. నీ చేతికి ఒకసారి ఇచ్చిందే చాలు."

"కబుర్లు చెప్పకుండా నోరుమూసుకుని కూర్చో, కాలదు."

వాడు గుండీలు విప్పాడు. చొక్కా ఆమె చేతిలో పెట్టి, బల్ల పక్కనే అప్పటిలాగే నిలబడి, అప్పుడు ఆ ఇంటర్వ్యూ గదిలోంచి వెనక్కి నడుస్తూ తను నీళ్ల క్యాను మీద ఎలా పడ్డాడో చెప్పడం మొదలుపెట్టాడు.